గొలుసమ్మ రోడ్డు

నోటీసు అంటించి మూడు రోజులైనా దాన్ని చదివినవాళ్ళు లేరు. చదవడానికి ఆ లైనులో ఎవరున్నారు గనుక? మలేసియాలోని ఆ రబ్బరు తోట నడిచిన రోజుల్లో అక్కడ కూలీలకు వరసగా ఇరవై రెండు ఇళ్ళు. ఇప్పుడు ఇరవై ఒక్క ఇళ్ళకు తలుపులు లేవు, కొన్నిటికి పైకప్పు కూడా లేదు. చివరి ఇంట్లో మాత్రం పొయ్యి వెలుగుతుంది. అది మోహనప్రియ ఇల్లు. ఆమె, ఆరేళ్ళ కూతురు తివ్య, మొగుడి నాయనమ్మ నూకమ్మ. మొగుడు కిశోర్‌కుమార్ క్లాంగ్ రేవులో లారీ తోలుతాడు. పదిహేను రోజులకొకసారి వచ్చి, ఒక పగలంతా పడుకుని నిద్రపోయి, మళ్ళీ వెళ్ళిపోతాడు.

నాలుగో రోజు పొద్దున బడి వ్యాను తోలే రాజన్ హారన్ కొట్టి, బండి దిగకుండానే కబురు చెప్పాడు.

“ఏటమ్మా ప్రియా, ఆ బోర్డు సూసినావా? వొచ్చే నెల ఒకటి నుంచి ఈ రోడ్డు మూసేత్తారంట. నానింక లోనికి రాలేను.”

“మూసేత్తే పిల్ల బడికెలాగెల్తాదన్నా?”

“కాలవ గట్టు మీంచి తిరిగి రమ్మంటన్నారు. పదకొండు కిలోమీటర్లు. వానొత్తే నా వ్యానుకి తెడ్డు కట్టాల.” తన మాటకు తనే నవ్వి, ఆమె నవ్వకపోవడం చూసి, తివ్యను ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

మోహనప్రియ నడుచుకుంటూ వెళ్ళి కరెంటు స్తంభానికి అంటించిన కాగితం చదివింది. అమ్మకు జబ్బు చేస్తే తొమ్మిదో తరగతిలోనే బడి మానేసిన మనిషి. మలాయి చదవడం వచ్చు, కానీ సర్కారు మలాయి కొరుకుడు పడదు. నాలుగుసార్లు చదివితే గానీ బోధపడలేదు. తోటలో సగం నేల కొత్తగా చేతి తొడుగుల ఫ్యాక్టరీకి పోయింది. కొత్త పరిశ్రమలకు ప్రభుత్వం దన్ను ఇస్తున్న చోటు ఇది. పెద్ద రోడ్డు నుంచి లైను దాకా ఉన్న రెండు కిలోమీటర్ల బాట కంపెనీ సొంతం. దాన్ని ఫ్యాక్టరీ ఆవరణలో కలిపేస్తారు. కాదనేవాళ్ళు పద్నాలుగు రోజుల్లోగా జిల్లా ఆఫీసుకు రావాలి. ఈ రోడ్డును జనం ఎంతోకాలంగా వాడుతున్నారని రుజువు తేవాలి.

తివ్యకు పిల్లికూతలు. వాన గాలి తగిలితే చాలు, ఛాతీలో సన్నగా ఈల మొదలవుతుంది. ఆ ఈల వినడానికే మోహనప్రియ చెవులు పుట్టాయా అన్నట్టు, బట్టలు ఉతుకుతున్నా, కూర తిప్పుతున్నా ఒక చెవి పిల్ల వైపే ఉంటుంది. పాత మోటారుసైకిలు మీద ఈ రోడ్డున క్లినిక్‌కు పన్నెండు నిమిషాలు. ఆ రోజే గట్టు మీంచి వెళ్ళి చూసింది. నలభై ఎనిమిది నిమిషాలు పట్టింది, రెండుసార్లు బండి జారింది. పిల్ల లేకుండా, ఎండలో, అంత.

ఇంటికొచ్చి నూకమ్మ ముందు కూర్చుంది. ముసలామె ఎనభై నాలుగేళ్ళ మనిషి. అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. బియ్యంలో రాళ్ళు రావడం మానేసి ఎన్నేళ్ళయిందో, ఆమె చెరగడం మానలేదు.

“మామ్మా, ఈ రోడ్డు ఎవురిది?”

“ఎవురిదేటే? మనదే.”

“కాయితం ఉందా?”

“రోడ్డుకి కాయితమేటే పిచ్చిదానా? మా మావ పోలయ్య నెత్తి మీద రాయి మోసి ఏసిన రోడ్డు. ఆ దినాల్ల తెల్లోడి సర్కారు రబ్బరు నాటండి, నేల ఇత్తామని దొరల్ని బతిమాలినాదంట. నాటినారు. రబ్బరు పాలు మొయ్యాలంటే బండి కావాల గదా? సర్కారు రోడ్డెక్కితే బండికి నంబరు బిల్ల, సక్రానికి ఇంత ఎడల్పు ఇనప పట్టీ, దీపం, నానా రూల్లు. అందుకని దొర తోటలోన సొంతానికి ఏసుకున్నాడు.” ముఖం వెలిగిపోతూ అంది. “మన గొలుసమ్మ ఉన్నాది గదే. ఆయమ్మ కన్నా రుజువేటి?”

గొలుసమ్మ పండగ సంగతి మోహనప్రియకు పెళ్ళయిన కొత్తలోనే చెప్పారు. తను మాత్రం చూడలేదు. ఆమె కాపరానికి వచ్చేసరికే జనం లేక ఆగిపోయింది. రబ్బరు ఆకు రాలే కాలంలో ఒక ఆదివారం లైను దగ్గర రోడ్డు మొదలయ్యే చోట, అటూ ఇటూ రెండు రాతి గుంజలకు ఇనప గొలుసు కట్టేవారట. దానికి పసుపు రాసి, కుంకం పెట్టి, వేపమండలు గుచ్చి, చలిమిడి నైవేద్యం పెట్టేవారట. ఆ రోజంతా చక్రం కదలకూడదు. పొద్దుగూకాక గొలుసు విప్పి ఇళ్ళకు పోయేవారు. ఆ గొలుసు పట్టే అధికారం పోలయ్యది. తెల్లదొర ఆయనకు తలపాగా ఇచ్చి మరీ పెట్టిన హక్కు. పోలయ్య తరవాత ఆయన కొడుకు, ఆ కొడుకు తరవాత కిశోర్‌కుమార్ తండ్రి. ఇంకే తోటలోనూ, తెలుగు వాళ్ళున్న ఇంకే ఊళ్ళోనూ ఈ అమ్మవారు లేదని నూకమ్మకు గొప్ప.

మోహనప్రియ ఫోను తీసింది. లైను విడిచి వెళ్ళినవాళ్ళంతా కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది, అరవై మూడు మంది. పొద్దున పూట దేవుడి బొమ్మలు తప్ప ఏమీ రావు. అందులో మోహనప్రియ ఎప్పుడూ ఏమీ రాయలేదు. భయపడుతూ రాసింది: మన రోడ్డు మూసేస్తున్నారు, మనం వాడినట్టు పాత ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.

గంట దాకా ఏమీ లేదు. బొటనవేలి బొమ్మలు రెండు. ఆ తరవాత ఇపో పట్నం నుంచి వెంకటరావు ఒక ఫోటో పెట్టాడు, తెలుపు నలుపుది. క్లాంగ్ నుంచి పునిత మూడు పెట్టింది. సైబర్‌జయలో కంప్యూటరు ఉద్యోగం చేసే షర్మిల, పుట్టాక లైను మొహం ఒక్కసారే చూసిన పిల్ల, వాళ్ళ అవ్వ పెట్టెలోంచి ఆరు తీసి పెట్టింది. మర్నాటికి నలభై దాటాయి. అన్నీ గొలుసమ్మ పండగవే. ఏడాదికొక్కసారి ఆ రోజునే పట్నం నుంచి ఫోటోలు తీసేవాడు వచ్చేవాడట. అందుకని ప్రతి ఇంటికీ ఉన్న ఒక్క ఫోటో అదే. గొలుసు వెనక వరసగా నిలబడ్డ జనం, చంకల్లో పిల్లలు, తలలకు నూనె. వెనకాల రోడ్డు తిన్నగా తోటలోకి పోతూ కనిపిస్తోంది.

“సెబాసు ప్రియా! నువ్వు మా లైను పరువు నిలబెడతన్నావు,” అని వెంకటరావు గొంతు రికార్డు చేసి పంపాడు. ఆ మాట మూడుసార్లు విన్నది ఆమె. పెళ్ళయి ఏడేళ్ళలో లైను వాళ్ళెవరూ ఆమెతో అన్ని మాటలు మాట్లాడలేదు. కూర మాడిపోయినా పట్టించుకోలేదు ఆ రోజు.

మంచివి పదిహేడు ఏరి, పట్నంలో పెద్దవిగా అచ్చు తీయించి, వెనక ఏ సంవత్సరమో రాసి ఫైల్లో పెట్టుకుంది. మంగళవారం జిల్లా ఆఫీసుకు వెళ్ళింది. వస్తానన్న కిశోర్‌కుమార్‌కు సెలవు దొరకలేదు. “నువ్వే సెప్పీగలవు లే. ఫోటోలున్నాయి గదా,” అన్నాడు ఫోనులో, వెనక లారీ ఇంజను మోతలోంచి.

చిన్న గది. అధికారి పువాన్ సల్మియా. మలాయిలో పువాన్ అంటే అమ్మగారు. తలకు ఊదారంగు గుడ్డ, పెదవుల మీద అలసట. కంపెనీ తరఫున నేల వ్యవహారాలు చూసే ఇళంగోవన్ వచ్చాడు. ఆమె లోపలికి రాగానే లేచి నిలబడి, “వా తంగచ్చి, కూర్చో,” అన్నాడు. తమిళంలో చెల్లెలా అని పిలిచేసరికి మోహనప్రియకు కాస్త ఊపిరి తిరిగింది.

ఫోటోలు బల్ల మీద పరిచింది. రాత్రంతా కంఠతా పట్టిన మలాయి మాటలు తడబడుతూనే మొదలుపెట్టింది, గొలుసమ్మ దగ్గరికి వచ్చేసరికి తడబాటు పోయింది. ఏ నెలలో చేస్తారో, గొలుసు ఎవరు పడతారో, ఆ రోజు బండ్లన్నీ ఎలా ఆగిపోతాయో, తెల్లదొర మొదలుపెట్టిన పండగను జనం ఎన్నేళ్ళు నడిపారో చెప్పింది. పువాన్ సల్మియా ఒక్కో ఫోటో తిప్పి వెనక సంవత్సరం చూసింది. ఇళంగోవన్ కూడా చూశాడు. మొదట మామూలుగా చూశాడు. తరవాత కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు.

“ప్రతి ఏడూ కట్టారా?” అడిగాడు.

“ప్రతి ఏడూ.” గర్వంగా చెప్పింది.

“ఒక్క ఏడూ తప్పలేదు?”

“నేను కాపరానికి రాకముందు వరకూ తప్పలేదండి.”

ఆయన కళ్ళద్దాలు తీసి, జేబురుమాలుతో తుడిచాడు. తుడవడానికి చాలాసేపు పట్టింది. తరవాత పువాన్ సల్మియాతో మలాయిలో, మెల్లగా, మోహనప్రియ వైపు చూడకుండా చెప్పాడు.

అది పండగ కాదు. పాత కాలపు కంపెనీల పద్ధతి. జనం అడ్డూ ఆపూ లేకుండా ఏళ్ళ తరబడి నడిస్తే రోడ్డు జనానిదే అయిపోతుందని దొరలకు భయం. జనానిది అయితే సర్కారు రూల్సు వచ్చి పడతాయి. అందుకని ఏడాదికి ఒక రోజు గొలుసు కట్టి మూసేవారు, ఇది మాది, మా దయ వల్ల నడుస్తున్నారు అని చాటడానికి. ఏ రోజు మూశారో పుస్తకంలో రాసుకునేవారు. “ఆ పుస్తకాలు మా దగ్గర లేవు మేడం. తోట మూడు చేతులు మారింది. తెల్లదొర వెళ్ళాక కంపెనీలో ఎవరూ గొలుసు కట్టలేదు, ఆ సంగతే మరిచిపోయారు. అక్కడ మా కేసు బలహీనంగా ఉండింది.” ఫోటోల వైపు చెయ్యి చూపించాడు. “వీళ్ళు మరవలేదు.”

మోహనప్రియ ఫోటోలు వెనక్కి తీసుకుందామని చెయ్యి చాపింది. పువాన్ సల్మియా ఆ చేతి మీద నెమ్మదిగా తన చెయ్యి వేసింది.

“ఇవి ఫైల్లోకి వెళ్తాయి దిక్. తీయకూడదు.” ఆమె కూడా మలాయిలో చెల్లీ అనే పిలిచి, మళ్ళీ అడిగింది. “ఆ రోజు బండ్లు ఆగాయన్నావు. మనుషులు? మనుషులు కూడా దాటలేదా?”

“నాకు తెలీదండి.”

“తెలిసినవాళ్ళు ఉంటే వచ్చే మంగళవారం తీసుకురా. నడిచేవాళ్ళను ఏ రోజూ ఆపలేదని తేలితే, కాలిబాట వరకైనా వదలమని నేను రాయగలను. బండ్ల రోడ్డు మాత్రం కష్టం.”

ఆఫీసు మెట్ల మీద ఇళంగోవన్ ఆమెను అందుకున్నాడు. ఒక కార్డు ఇచ్చాడు. “తంగచ్చి, కంపెనీకి మీ మీద పగ లేదు. ఉన్నది ఒక్క ఇల్లు. రోడ్డు కంపెనీదేనని ఒప్పుకుంటూ, నీ అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నానని సంతకం పెట్టు. మీ ఇంటికి పాసు ఇస్తాం. బడి వ్యాను, అంబులెన్సు ఏ వేళకైనా లోపలికి వస్తాయి. ఏడాదికొకసారి కొత్త పాసు. ఆలోచించుకో, కానీ మంగళవారం లోపల.”

గ్రూపులో వెంకటరావు అప్పటికే అడిగాడు: ఏమయింది? గెలిచామా? మోహనప్రియ ఒకటి రాసి చెరిపేసింది. మళ్ళీ రాసి చెరిపేసింది. చివరికి, మంగళవారం మళ్ళీ రమ్మన్నారు, కాలిబాట అయినా దక్కవచ్చు, అని పెట్టి ఫోను పక్కన పెట్టింది.

ఆ సాయంత్రం నూకమ్మ కాళ్ళకు నూనె రాస్తూ అడిగింది.

“మామ్మా, గొలుసు కట్టిన దినాన్న మనుసులు దాటీవోరా?”

“దాటీవోలం. సక్రం కదలకూడదు గానీ మనిసికేటి? వొంగి, అమ్మోరికి దండమెట్టుకున్నట్టు కింద నుంచి పోవడమే.”

“నువ్వు దాటినావా?”

“దాటినాను. నా పెద్ద గుంటనెత్తుకుని.”

కిశోర్‌కుమార్ తండ్రి కన్నా ముందు ఒక పిల్ల ఉండేదని మోహనప్రియ ఎప్పుడూ వినలేదు. చేతుల్లో నూనె అలాగే ఉండిపోయింది.

“రెండేల్ల గుంట. వొల్లు కాలిపోతంది, ఫిట్సు. తోట లారీ ఇటేపే ఉన్నాది. డ్రైవరు తమిలోడు, మంచోడు, ఎక్కమ్మా అన్నాడు. మా మావ గొలుసు పట్టుకుని నిలబడిపోనాడు. అమ్మోరి దినం, సక్రం దాటకూడదన్నాడు. ఏడత్తన్నాడు, గొలుసు మాత్రం వొదల్లేదు. సరేనని నానే వొంగి దాటినాను. పెద్ద రోడ్డు కాడ బస్సెక్కుదారని పరిగెట్టినాను. పెద్ద రోడ్డు రాకముందే...” చెయ్యి గాల్లో తిప్పి వదిలేసింది.

“మరి ఆ తరవాత కూడా ఎలాగ పసుపు రాసినావు మామ్మా ఆ గొలుసుకి?”

“అదేటే అలాగంటావు! అమ్మోరు గదా. ఆ యేడు నా తప్పేదో ఉన్నాది. చలిమిడి ఎంగిలి సేసినానో ఏటో. తరవాత యాభై యేల్లు ఒల్లు దగ్గరెట్టుకుని సేసినాను. ఆయమ్మ శాంతించినాది. మిగిలిన పిల్లలకేటీ అవనీలేదు.”

మోహనప్రియ తల వంచుకుని ఆ కాళ్ళకు మళ్ళీ నూనె రాసింది. ఎండిన చర్మం, పైకి తేలిన నరాలు. పువాన్ సల్మియా అడిగిన రుజువు ఇదే. మంగళవారం ఈమెను ఏ అద్దె కారులోనో తీసుకెళ్ళి ఆ గదిలో కూర్చోబెడితే, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. చెప్పాక ఇళంగోవన్ కళ్ళద్దాలు తుడుచుకుంటాడు. ఆ గొలుసు దేనికి కట్టారో ఈమె ఎదుటే చెబుతాడు, తమిళంలో మర్యాదగానే చెబుతాడు. నూకమ్మకు తమిళం బాగా వచ్చు.

ఈ మాట ఎవరితోనైనా అనుకోవాలనిపించింది. కిశోర్‌కుమార్‌కు ఫోను చేసింది. ఎత్తలేదు. తరవాత ఆయనే ఒక బొమ్మ పంపాడు: డ్రైవింగులో ఉన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. బడి నుంచి వచ్చిన తివ్య అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని ఆగిపోయింది. మోహనప్రియ ఈల వినకముందే పిల్ల భుజాలు చూసి లేచింది. ఇన్‌హేలరు రెండుసార్లు, నాలుగుసార్లు. మెడ కింద గుంట లోపలికి పోతోంది. రైన్‌కోటులో చుట్టి, ముందు కూర్చోబెట్టుకుని బండి తీసింది. రోడ్డు పక్కన ఫ్యాక్టరీ కంచె అప్పటికే సగం దూరం లేచింది. పిల్ల ఛాతీ తన ముంజేతికి ఆనుకుని ఉంది. ప్రతి ఊపిరీ చేతికి తెలుస్తోంది. ఉత్త కాలిబాటే మిగిలి, నడిచి అయితే, అనుకుంది. రెండు కిలోమీటర్లు, ఈ బరువుతో, నడిచి అయితే. అంతకు మించి ఆలోచన సాగలేదు.

క్లినిక్‌లో నర్సు తివ్య ముఖానికి మాస్కు పెట్టింది. తెల్లటి పొగ లేస్తోంది. పిల్ల కాళ్ళు ఊపడం మొదలుపెట్టాక మోహనప్రియ బెంచీ మీద కూర్చుని, కార్డు మీద ఉన్న నంబరుకు ఫోను చేసింది.

“అన్నా, నేను సంతకం పెడతాను. ఒక్కటే షరతు. మంగళవారం మా ముసలామెను పిలవకూడదు. మీరెవరూ ఇంటికి వచ్చి ఆమెతో మాట్లాడకూడదు.”

“సరే తంగచ్చి,” అన్నాడు ఇళంగోవన్. ఎందుకని అడగలేదు.

సోమవారం సంతకం పెట్టింది. ఆ కాగితం మలాయిలో మూడు పేజీలు. ఈసారి ఒక్కసారే చదివింది.

గ్రూపులో ఆమే చెప్పింది, రెండే వాక్యాల్లో. సంతకం పెట్టాను. పాపకు వంట్లో బాగోదు. జవాబులు వరసపెట్టి వచ్చాయి.

“ఎవుర్నడిగి పెట్టినావు? మా తాతలు మోసిన రోడ్డు నీదా?” అని వెంకటరావు గొంతు. “గొలుసమ్మ ఊరుకోదు,” అని పునిత. కాలిబాట అయినా మిగిలేది కదక్కా, మనందరిదీ అని చెప్పుకోవడానికి ఒకటి ఉండేది, అని షర్మిల ఇంగ్లీషులో రాసింది. ఎంత ఇచ్చారేటి అని ఎవరో, నవ్వు బొమ్మతో. వాళ్ళలో ఆ రోడ్డు మీద నడిచి ఏడేళ్ళు కానివాళ్ళు ఎవరూ లేరు.

జవాబు చెప్పాలంటే నూకమ్మ పెద్ద పిల్ల దగ్గర మొదలుపెట్టాలి. అరవై మంది ఫోనుల్లోకి ఆ పిల్లను ఎక్కించాలి. అక్కడి నుంచి ఏదో ఒక పండగకు, ఏదో ఒక పలకరింపులో, ఆ మాట తిరిగి ముసలామె చెవిన పడుతుంది. మోహనప్రియ ఏమీ రాయలేదు. సాయంత్రం నాలుగింటికి వెంకటరావు ఆమెను గ్రూపులోంచి తీసేశాడు.

“పండగ ఫోటోలు సూపించినావా ఆఫీసులోన? ఏటన్నారే?” అని నూకమ్మ ఆ రోజే అడిగింది.

“బాగున్నాయన్నారు మామ్మా. ఉంచుకున్నారు.”

“ఉంచుకోరేటి మరి! మా మావ తలపాగా సూసి ఉంటారు.” ఆమె తృప్తిగా చేట దులిపి లోపలికి వెళ్ళింది.

ఒకటో తారీఖున గేటు పెట్టారు. రాజన్ పాసు చూపించి, వ్యాను లోపలికి తెచ్చి తివ్యను ఎక్కించుకున్నాడు. అతను ఈసారి హాస్యమాడలేదు. ఆ సంతకం కబురు అతనికీ చేరే ఉంటుంది. “ఎల్లొత్తాను,” అని మాత్రం అన్నాడు. వ్యాను వెనక అద్దంలోంచి పిల్ల చెయ్యి ఊపింది.

పది గంటలకు ఉల్లిపాయలు, నూకమ్మకు మందులు తేవడానికి బండి మీద వెళ్ళి వచ్చింది. వెళ్ళేటప్పుడు ఎవరూ ఆపలేదు. తిరిగి వచ్చేటప్పుడు నేపాల్ నుంచి వచ్చిన కొత్త కాపలావాడు, ఇరవై దాటని ముఖం, గుడిసెలోంచి బయటికొచ్చి పెద్ద పుస్తకం ముందు పెట్టాడు. లోపలికి వచ్చేవాళ్ళంతా రాయాలట. పాసు ఉన్నా రాయాలట. పేరు, బండి నంబరు, వేళ, వచ్చిన పని. మొదటి పేజీ, ఇంకా ఒక్క గీతా లేదు.

పేరు రాసింది. నంబరు రాసింది. గడియారం చూసి వేళ రాసింది. నాలుగో గడి దగ్గర పెన్ను ఆగింది. కాపలావాడు ఎండకు కళ్ళు చిట్లించి ఓపికగా నిలబడ్డాడు. కంచెకు అవతల ఎక్కడో సిమెంటు మిషను తిరుగుతోంది.

ఆమె ‘ఇల్లు’ అని రాసి, పుస్తకం తిరిగి ఇచ్చి, బండి స్టార్టు చేసింది.